పెరటి పండ్లు పంచాలనుకుంటే ముందు తినేవాళ్లను వెతకండి

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుంటాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో తెలుస్తుంది. మహబూబ్‌నగర్‌లో మీ కాలనీలో ఇరవై ముప్పై ఇళ్లలో జామ, సపోటా, మామిడి, సీతాఫలం చెట్లున్నాయి. సగం ఇళ్లలో ముసలివాళ్లే ఉంటున్నారు, కొన్నిటికి తాళాలు. పండ్లు రాలి, కుళ్లి, ఈగలు ముసురుతున్నాయి. అమెరికాలో, కెనడాలో ఇలాంటి పండ్లను వాలంటీర్లు తెంపి ఫుడ్ బ్యాంకులకు, అంటే దానంగా వచ్చిన తిండిని ఒకచోట పెట్టి లేనివాళ్లకు అందించే చోట్లకు, చేరుస్తారని విన్నారు. మీరు నలుగురు స్నేహితులు ఇక్కడా అలా చేద్దామనుకుంటున్నారు. మన దగ్గర ఫుడ్ బ్యాంక్ అనే బోర్డు కనబడదు కాబట్టి ఎవరికివ్వాలి, ఎవరిని అడగాలి, ఎలా తెంపాలి అన్నది మీ ప్రశ్న.

నేను కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు నల్లగొండ వీధుల్లో ఈ చెట్ల కొమ్మలే కొట్టాను. వానలు మొదలవకముందే తీగలకు తగిలే కొమ్మలు తీసేయడం మా పని. కాయలున్న కొమ్మ మీద కత్తి పడితే ఇంటామె తిట్టేది, తిట్టి తిట్టి చివరికి ఆ కాయలే ఏరి సంచిలో వేసి మాకిచ్చేది. రిటైరయ్యాక ఆరేళ్లుగా అవే చెట్ల కింద దోటి పట్టుకుని తిరుగుతున్నాను. ఇప్పుడు మా గుంపులో తొమ్మిది మందిమి ఉన్నాం.

మొట్టమొదటి మాట: చెట్టు సంగతి తర్వాత, తినేవాళ్ల సంగతి ముందు తేల్చుకోండి. మేం దీన్ని తిరగేసి చేసి దెబ్బతిన్నాం. మొదటి ఏడాది ఉత్సాహం కొద్దీ ఒకే ఆదివారం నాలుగిళ్లలో సపోటాలు తెంపాం. కాంటా పెడితే నూట ఎనభై కిలోలు. ట్రాలీ ఆటోలో వేసుకుని నేరుగా ఒక హాస్టల్‌కు పోయాం. వార్డెన్ మొహమాటానికి దింపించుకున్నాడు. కాయలన్నీ రాళ్లలా ఉన్నాయి. పిల్లలు ఊరుకుంటారా? సాయంత్రానికే కొరికి చూశారు. వగరుకు నోళ్లు పట్టేసుకున్నాయి, పెదాలకు పాలు అంటుకుని జిగట. మూడో రోజు ఆ దారిన పోతూ చూస్తే హాస్టల్ వెనక మోరీలో సగం కాయలున్నాయి. పెరట్లో కుళ్లేవి మోరీలో కుళ్లాయి, అంతే తేడా. మధ్యలో ఆటో కిరాయి ఒకటి.

ఆ తర్వాత మా పద్ధతి మారింది. ఇప్పుడు నా నోటుబుక్కులో మొదటి పేజీల్లో ఉండేవి చెట్లు కాదు, తినేచోట్లు. ఒక్కో చోటికి ఒక పేజీ. ఎంతమంది ఉంటారు, ఏ రోజు ఏ టైముకు ఇస్తే పనికొస్తుంది, ఎన్ని కిలోలు చాలు, ఏవి వద్దు, ఎవరికి ఫోన్ చేయాలి. ముందురోజు ఫోన్ చేసి వాళ్లు 'తెండి' అన్నాకే చెట్టు దగ్గరికి పోతాం.

ఫుడ్ బ్యాంక్ లేదని దిగులు పడకండి. అసలు ఆ పేరు ఎలా పుట్టిందో తెలిస్తే మీకే ధైర్యం వస్తుంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ అనే ఊరుంది. మన నల్లగొండలాగే ఎండలు మండే చోటు, మన బత్తాయిలాగే అక్కడ నారింజ జాతి చెట్లు ఇంటింటికీ ఉంటాయి. జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన అన్నదానం చేసే ఒక వంటశాలకు చెట్ల మీద మిగిలిపోయిన ఆ కాయలు తెంపి తెచ్చి ఇచ్చేవాడు. తెచ్చిన సరుకు అక్కడ తినేవాళ్లకు మించిపోయింది. మిగిలింది ఒకచోట పెట్టి, కావలసినవాళ్లు వచ్చి తీసుకునేటట్టు చేస్తే బాగుంటుందని 1967లో సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్ మొదలైంది. లోకంలో మొదటి ఫుడ్ బ్యాంక్ అదే అంటారు. అంటే బ్యాంకు కట్టి కాయల కోసం చూడలేదు, కాయలు ఎక్కువై బ్యాంకు పెట్టారు.

పనిలో పనిగా ఇంకో మాట. ఇది మనకు కొత్త కూడా కాదు. వరి కోసిన మళ్లలో రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని మనవాళ్లు పరిగె ఏరడం అంటారు. మా అమ్మ పరిగె ఏరి తెచ్చిన వడ్లతో మేం పండక్కి అప్పాలు చేసుకునేవాళ్లం. పొలం ఆసామి కాదనేవాడు కాదు. మీరు చేయబోయేది చెట్టు మీద పరిగె.

ఇక మన జిల్లాల్లో ఎవరికివ్వొచ్చు? సంక్షేమ హాస్టళ్లు, అనాథాశ్రమాలు, వృద్ధాశ్రమాలు అందరికీ తట్టేవే. పుట్టినరోజులకు, వర్ధంతులకు జనం పండ్లు పట్టుకుని పోయేదీ అక్కడికే. ఒక్కోసారి ఒకే రోజు మూడు బ్యాచ్‌లు వస్తాయి, అరటిపండ్లు గుట్టలు పడతాయి. అందుకే ఎవరూ పోని చోట్లు వెతకండి. ఇటుక బట్టీలు చూడండి. చలికాలం నుంచి ఎండాకాలం చివరిదాకా ఒడిశా కూలీలు పిల్లాపాపలతో అక్కడే గుడిసెలు వేసుకుని ఉంటారు. జామ, సపోటా, మామిడి మూడూ ఆ నెలల్లోనే వస్తాయి. జిల్లా ఆసుపత్రి ఆవరణలో రోగుల వెంట వచ్చినవాళ్లు రాత్రిళ్లు చెట్ల కింద పడుకుంటారు, పొద్దున లేస్తే వాళ్ల చేతిలో టీకి తప్ప డబ్బులుండవు. మీ పాలమూరు పల్లెల్లో అయితే నేను చెప్పక్కర్లేదు. కొడుకూ కోడలూ పూణేకో ముంబైకో వలస పోతే మనవళ్లను పెట్టుకుని ఇంట్లో ఉన్న ముసలివాళ్లు ఎంతమందో. అలాంటి ఊరికి అంగన్‌వాడీ టీచర్ ద్వారా పోండి. ఏ ఇంట్లో ఎవరున్నారో ఆమెకు తెలిసినంతగా సర్పంచుకు కూడా తెలియదు.

ఆసుపత్రి దగ్గర ఒక జాగ్రత్త. పండ్లు వెంట వచ్చినవాళ్లకివ్వండి, రోగి చేతికి ఇవ్వకండి. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు పొటాషియం ఎక్కువైతే ప్రమాదం, వాళ్లు ఏ పండు ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. వృద్ధాశ్రమంలో సగం మందికి షుగర్ ఉంటుంది. అక్కడికి రెండు గంపల మామిడిపండ్లు తీసుకెళితే పుణ్యం కాదు, గొడవ. వాళ్లకు జామ, ఉసిరి నయం. అది కూడా చూసుకునేవాళ్లను అడిగాకే. పళ్లు ఊడినవాళ్లకు గట్టి జామకాయ ఎందుకిస్తున్నావయ్యా అని ఒక అవ్వ నన్ను నిలదీసింది. అప్పటినుంచి వృద్ధాశ్రమానికి మెత్తబడిన జామపండ్లు విడిగా ఏరి పంపుతున్నాం.

ఇంకో విషయం తెలిసి నేనే ఆశ్చర్యపోయాను. హాస్టల్ వంటామె ఒకసారి నన్ను పక్కకు పిలిచి, 'పండ్లు సరే సార్, మునక్కాయలు దొరుకుతాయా, నిమ్మకాయలు, కరివేపాకు దొరుకుతాయా' అంది. నూటయాభై మందికి పప్పుచారు పెట్టే మనిషి కష్టం మనకు తట్టలేదు. ఇప్పుడు మేం తెంపేదాంట్లో మునగ, నిమ్మ, కరివేపాకు కూడా ఉంటాయి. ఏప్రిల్, మేలో గాలివానకు పచ్చి మామిడికాయలు రాలిపోతాయి కదా, అవి ఆ పూటే ఏరి పగుళ్లు లేనివి ఇస్తే పప్పులోకి పోతాయి.

అనుమతి దగ్గరికి వద్దాం. ఇంట్లో మనిషి సరేనన్నా పని కాదు, ఆ మనిషి ఎవరో తెలియాలి. ఒకచోట కింద వాటా అద్దెకున్నాయన 'తెంపుకోండి' అన్నాడు. మేం సగం తెంపేసరికి ఇంటి ఓనర్ బండి దిగాడు. ఆ చెట్టు కాయలు ఏటా తన చెల్లెలి ఇంటికి పోతాయట. క్షమించమని గంపలన్నీ ఆయన ఆటోలోనే ఎక్కించి వచ్చాం. అప్పటినుంచి అద్దెకున్నవాళ్లనూ ఓనర్‌నూ ఇద్దరినీ అడుగుతాం. తాళం వేసిన ఇల్లయితే హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకుతో మాట్లాడి, వాట్సాప్‌లో ఒక ముక్క రాయించుకుని, తెంపే రోజు పక్కింటివాళ్లను నిలబెట్టుకుంటాం. పక్కింటివాళ్లు లేకుండా తాళం వేసిన ఇంటి గోడ దూకొద్దు. కొడుకు ఫోన్‌లో ఎంత చెప్పినా సరే. వీధికి అది తెలియదు.

నోటితో చెప్పకపోయినా ఇంటివాళ్ల మనసులో ఉండే అనుమానం ఒకటే: వీళ్లు అమ్ముకుంటారేమో. కెనడాలో టొరంటో నగరంలో 2008లో మొదలైన ఒక గుంపు ఉంది, వాళ్లు తెంపిన పండ్లను మూడు వాటాలు చేస్తారు. ఒకటి ఇంటివాళ్లకు, ఒకటి తెంపినవాళ్లకు, ఒకటి ఆకలి ఉన్నచోటికి. చదివినప్పుడు న్యాయంగానే అనిపించింది, మేమూ అలాగే మొదలుపెట్టాం. ఇక్కడ పారలేదు. మా కుర్రాడొకడు తన వాటా సంచి బండికి తగిలించుకుని పోతుంటే వీధిలో ఒకాయన 'కిలో ఎంతకు' అని అడిగాడు. ఎగతాళికే అడిగాడేమో కానీ ఆ మాట కాలనీ అంతా తిరిగింది. ఆ రోజే నియమం పెట్టుకున్నాం: చెట్టు కింద నిలబడి ఎన్నయినా తినొచ్చు, గేటు దాటాక ఒక్క కాయ కూడా మన సంచిలో ఉండకూడదు. ఇంటివాళ్ల వాటా మాత్రం వాళ్లు వద్దన్నా ఇచ్చే వస్తాం. తూకం వేసిన కాగితం, పండ్లు చేరినచోట ఫొటో ఆ సాయంత్రమే పంపుతాం. ఫొటోలో పండ్లు, గంపలు చాలు, తీసుకునేవాళ్ల మొహాలు వద్దు. పండు తీసుకుంటూ ఫొటో దిగాల్సిరావడం ఎవరికైనా చిన్నతనమే.

ఇక్కడ ఒకామె సంగతి చెప్పాలి. రామగిరి వైపు ఒక పాత ఇల్లు, పెరట్లో పెద్ద మామిడిచెట్టు. భర్త నాటిన చెట్టు, ఆయన పోయి చాలా ఏళ్లయింది. రెండేళ్లు అడిగినా ఆమె కాదంది. కాయలు రాలిపోతున్నా సరే వద్దంది. మూడో ఏడు ఆమే కబురు పెట్టింది. పోతే పీట వేసి కూర్చోబెట్టి, 'మీరు తెంపుకుపోవడం నాకేం కష్టం కాదు బిడ్డా. తెంపినంక ఎవరూ మళ్లీ రారు. కాయలున్ననాడే నేను గుర్తొస్త' అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజంగానే మేం కాయలప్పుడు తప్ప ఏ గడపా తొక్కలేదు. ఇప్పుడు వానాకాలంలో ఆమె చెట్టుకు పాదు చేసి ఎరువు వేసి వస్తాం, ఎండుకొమ్మలు తీసేస్తాం. మొదటి పది పండ్లు ఆమె దేవుడి గదిలో పెట్టాకే మిగతావి కదుల్తాయి. మీ కాలనీలో ముసలివాళ్లే ఎక్కువన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. వాళ్ల దగ్గర ఒక అరగంట కూర్చోవడానికి కూడా టైం లెక్కేసుకోండి. తెంపడానికి గంట, టీకి అరగంట.

తెంపకూడని చెట్లు కూడా ఉన్నాయి. రోడ్ల పక్క చింతచెట్లు, చెరువు కట్టల మీద చెట్లు ఖాళీగా కనిపిస్తాయి కానీ చాలాచోట్ల పంచాయతీ వాటి కాత వేలం వేస్తుంది, పాడుకున్నవాడు డబ్బు కట్టి ఉంటాడు. బత్తాయి తోటల్లోనూ అంతే. ధర పడిపోయినప్పుడు రైతు కాయ వదిలేశాడని మనం అనుకుంటాం. తోట గుత్తకిచ్చి ఉంటే కాయ గుత్తేదారుది, రైతు ఒక్కడు సరేనంటే చాలదు. ఇక సీతాఫలం. సీతాఫలాల్లో పేరున్న బాలానగర్ రకం మీ జిల్లా ఊరి పేరుతోనే దేశమంతా తెలుసు. దసరా, దీపావళి రోజుల్లో హైవే మీద జడ్చర్ల, బాలానగర్ దగ్గర గంపలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్లు కనిపిస్తారు కదా. గుట్టల మీద, బీడు భూముల్లో కాసే సీతాఫలం వాళ్ల రెండు నెలల కూడు. దాన్ని మిగులు అని తెంపి పంచిపెడితే ఒక పేద నోట్లోది తీసి ఇంకో పేద నోట్లో పెట్టినట్టే. ప్రహరీ లోపలి చెట్టు, ఇంటివాళ్లు తినలేక వదిలేసింది, మన పని దానితోనే.

తెంపడం గురించి చెట్టు చెట్టుకూ చెప్పాలి, అన్నిటికీ ఒకే సూత్రం లేదు.

సపోటా మోసం చేస్తుంది. పచ్చిదీ ముదిరిందీ పైకి ఒకేలా ఉంటాయి. గోటితో తొక్క మీద కొంచెం గీకండి. కింద ఆకుపచ్చగా కనబడితే వదిలేయండి. ఆలుగడ్డ రంగులో, పసుపుపచ్చగా ఉంటే ముదిరినట్టు. ముదిరిన కాయ మీద గోధుమరంగు పొడి రాలి నున్నగా ఉంటుంది, తెంపితే పాలు తక్కువ కారుతాయి. తెంపాక పండటానికి నాలుగైదు రోజుల నుంచి వారం పడుతుంది. అందుకే మేం ఇప్పుడు ముందు రెండు రోజులు మా ఇంట్లో గడ్డి పరిచి మాగేసి, మెత్తబడుతున్నవి ఏరోజుకారోజు పంపుతాం.

మామిడిని తొడిమతోనే తెంపాలి, వేలెడు కాడ ఉండాలి. తొడిమ ఊడితే సొన కారి కాయ మీద పడి నల్లగా కాలినట్టు మచ్చ వస్తుంది, ఆ మచ్చ దగ్గరే కుళ్లు మొదలవుతుంది. చేతుల మీద పడినా బొబ్బలొస్తాయి, కంట్లో పడితే ఇక ఆ రోజు పని లేనట్టే. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ముదిరిందో లేదో తెలియకపోతే రెండు కాయలు తెంపి బకెట్ నీళ్లలో వేయండి. మునిగితే ముదిరినట్టు, తేలితే ఇంకా ఆగాలి. తొడిమ దగ్గర భుజాలు ఉబ్బి ఉన్నా గుర్తే. త్వరగా పండాలని కార్బైడ్ పొట్లం పెడదామని ఎవరైనా సలహా ఇస్తారు, తప్పకుండా ఇస్తారు. అది మన దేశంలో నిషేధం. దానిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లుంటాయి. ఉచితంగా ఇస్తున్నామని విషం పెట్టే హక్కు రాదు. గడ్డి, పాత పేపర్లు, నాలుగు రోజుల ఓపిక చాలు.

జామ సులువే కానీ కాలం చూడాలి. వానాకాలం కాత నీళ్లగా ఉంటుంది, పండు ఈగ ఉధృతమూ అప్పుడే. ఆడ ఈగ తొక్క కింద గుడ్లు పెడుతుంది. పైన సూదితో గుచ్చినంత మచ్చ తప్ప ఏమీ కనబడదు, కోస్తే లోపల పురుగులు కదుల్తుంటాయి. రెండో ఏడాది ఆగస్టులో ఒక అంగన్‌వాడీకి ఇచ్చాం. ఆయమ్మ ఒక కాయ కోసి నా ముందు పెట్టి ఏమీ మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. ఇప్పుడు వానాకాలం జామ పంచడం మానేశాం. చలికాలం కాత గట్టిగా, తియ్యగా, పురుగు లేకుండా వస్తుంది. అప్పుడు కూడా గంపకు నాలుగైదు కోసి చూశాకే పంపుతాం. ముదురాకుపచ్చ రంగు విరిగి లేత పసుపు తిరిగేటప్పుడు, అంటే దోరకాయగా తెంపండి. పూర్తిగా పండినది రెండు రోజులు కూడా ఆగదు.

సీతాఫలం కళ్లు విచ్చుకుని మధ్యలో గీతలు మీగడ రంగుకు తిరిగాక తెంపాలి. రెండు మూడు రోజుల్లో పండి మెత్తబడుతుంది, ఇంకొక రోజు ఆగితే గంపలోనే చిట్లుతుంది. చిన్నపిల్లలకు గింజలు తీసి పెట్టమని చెప్పాలి. ఆ గింజల పొడిని పేలకు తలకు రాస్తారు పల్లెల్లో, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఇచ్చేచోట ఒక మాట చెప్పి రావడం మంచిది.

బత్తాయి, నిమ్మ తెంపాక ఇంక తియ్యబడవు. చెట్టు మీద ఎంత తీపి ఉందో అంతే. కాబట్టి ఒకటి కోసి తిని చూసి తెంపండి. లాగితే తొడిమ దగ్గర తొక్క చిరుగుతుంది, చిన్న కత్తెరతో కత్తిరించాలి. మంచు తడి ఆరాక మొదలుపెట్టండి. నేరేడుకైతే చెట్టు ఎక్కే ఆలోచనే వద్దు. నేరేడు కొమ్మ, మునగ కొమ్మ రెండూ పెళుసు, లావుగా కనబడి పుటుక్కున విరుగుతాయి. కింద పాత చీరలు నలుగురు పట్టుకుని దోటితో కొమ్మ ఊపితే చాలు.

'చిలక కొట్టిన పండు తియ్యన' అని మనవాళ్లంటారు. నేనూ తింటాను, మా ఇంట్లో. పంచే గంపలో మాత్రం చిలక కొట్టింది, గబ్బిలం కొరికింది, ఉడత కొరికింది ఒక్కటి కూడా ఉండకూడదు. 2018లో కేరళలో నిపా వచ్చినప్పటి నుంచి గబ్బిలాలు కొరికిన పండ్లు తినొద్దని చెబుతూనే ఉన్నారు. నేల మీద పడిన పండిన పండు కూడా వద్దు. అలాగని అక్కడే వదిలేయకండి. రాలినవన్నీ ఏరి రెండడుగుల గుంత తీసి పాతిపెట్టండి. రాలిన జామలో ఉన్న పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది, ఏరి పాతితే వచ్చే కాతకు కొంత తగ్గుతుంది. మేం పండ్లు తెంపినందుకు కాదు, చెట్టు కింద శుభ్రం చేసి పోతామని మమ్మల్ని పిలిచే ఇళ్లే ఎక్కువ. మందు ఏమైనా కొట్టారా, ఎప్పుడు కొట్టారు అని ఇంటివాళ్లను తప్పక అడగండి. కొట్టి ఉంటే డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా ఆ చెట్టు జోలికి పోవద్దు.

ఇప్పుడు నా పాత డ్యూటీ మాట. ఇది చదవకుండా దాటేయకండి. చెట్టు ఎక్కేముందు తల ఎత్తి చూడండి. తీగకు పది అడుగుల లోపల ఉన్న కొమ్మ జోలికి పోవద్దు, కాయలు ఎన్నున్నా సరే. పెద్ద లైనయితే ఇంకా దూరం. ఇనుప పైపు, అల్యూమినియం దోటి అసలు వద్దు. ఎండిన వెదురే వాడండి, అది కూడా వాన తడి ఉంటే పక్కన పెట్టండి. తడి వెదురులో కరెంటు పారుతుంది. కొమ్మ తీగను తాకుతున్నా, పచ్చి కొమ్మ విరిగి తీగ మీద పడేటట్టున్నా లైన్‌మన్‌కు ఫోన్ చేయండి. అతను ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) తీసుకుని లైను ఆపాకే పని. 'ఇప్పుడు కరెంటు పోయింది కదా, గబగబా తెంపేద్దాం' అని మాత్రం అనుకోవద్దు. ఎప్పుడు వస్తుందో లైను మీద ఉన్న మాకే తెలిసేది కాదు, చెట్టు మీద ఉన్న మీకేం తెలుస్తుంది? నా సర్వీసులో చూసిన ప్రమాదాల్లో చెట్లు, దోటీలవి తక్కువేం కాదు. ఇంతకంటే రాయలేను.

చెట్టు ఎక్కే పని తగ్గించుకోవడానికే చిక్కం. వెదురు గడకు చివర ఇనుప చువ్వతో జానెడు వెడల్పు వలయం, దానికి వల, వలయం అంచున చిన్న కత్తి. కాయ వలలో పడుతుంది, నేలకు తగలదు. పది అడుగులదొకటి, పదిహేను అడుగులదొకటి చాలు. అంతకు మించితే చెయ్యి నొప్పి తప్ప గురి కుదరదు. మామిడిచెట్టు మీద ఆకులు కుట్టుకుని కాపురముండే ఎర్ర చీమలు, తేనెతుట్టెలు కింద నుంచే చూసుకోండి. తుట్టె ఉంటే ఆ ఏటికి ఆ చెట్టు తేనెటీగలదే అనుకోండి. మేలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలు కొడుతుంది, పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా దిగిపోవాలి.

గోనె సంచుల్లో జామ, సపోటా వేయకండి, అడుగువి నలిగిపోతాయి. టమాట వ్యాపారులు వాడే ప్లాస్టిక్ ట్రేలు అడిగితే ఒక పూటకు ఇస్తారు, కడిగి తిరిగివ్వండి. పండ్లు ముందే కడగొద్దు, తడితో పెడితే తెల్లారేసరికి బూజు పడుతుంది. తినేముందు కడుక్కోమని చెప్పండి.

రిజిస్ట్రేషన్ అవసరమా అని అడిగారు. మిగులు ఆహారం సేకరించి పంచడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) 2019లో ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. ఒక పేరు పెట్టుకుని, చందాలు తీసుకుని, క్రమం తప్పకుండా చేసే సంస్థగా మారదామనుకుంటే అవి చదివి జిల్లాలోని ఆహార భద్రత అధికారిని కలవండి. వండిన అన్నం జోలికి పోకుండా ఉంటే మీకు సగం తలనొప్పి తగ్గుతుంది. పెళ్లిళ్లలో మిగిలినదీ తేవచ్చు కదా అని మిమ్మల్ని ఎవరో ఒకరు అడుగుతారు. అది వేరే పని, దానికి వేరే ఏర్పాట్లు కావాలి. పండ్లతో ఆగండి.

ఖర్చు మీద టెన్షన్ పెట్టుకోకండి. మాకు పెద్ద ఖర్చు ఆటో కిరాయే. నలభై కిలోల లోపలైతే రెండు బండ్ల మీద అయిపోతుంది. ఒకే రోజు నాలుగిళ్లు తెంపడం కన్నా వారానికొక ఇల్లు నయం అనడానికి ఇదీ ఒక కారణం.

మీరు రాసింది కార్తీకంలో కాబట్టి సపోటాతో మొదలుపెట్టకండి, మాలాగే అవుతుంది. జామతో మొదలుపెట్టండి, కాత ఇప్పుడే అందుకుంటోంది. ఈ వారం చెట్ల జోలికే పోవద్దు. మీ ఊరి దగ్గర బట్టీలు ఎక్కడున్నాయో, అక్కడ పిల్లలెంతమందో, మేస్త్రీ ఏ పూట దొరుకుతాడో కనుక్కోండి. మేస్త్రీతో మాట్లాడకుండా నేరుగా గుడిసెల దగ్గరికి పోతే అనుమానంగా చూస్తారు. వచ్చే వారం ఒక్క చెట్టు, ఇరవై కిలోలు. చిక్కం వలయం మహబూబ్‌నగర్‌లో ఏ కమ్మరి దగ్గరైనా చేయించుకోవచ్చు, కత్తి మాత్రం వలయం లోపలి వైపుకు ఉండేటట్టు చూడండి. బయటివైపు పెడితే కింద నిలబడి చూసేవాడి మీద పడుతుంది. మా మొదటి చిక్కం అలాగే చేయించి నా భుజం మీద ఒక గీత పెట్టించుకున్నాను.